పక్కా పోదాం బిడ్డా: సటీకా తాత్పర్యం

మూలం:

"బాపూ, ఈసారన్నా వండర్‌లా పోతమా?"
"పక్కా పోదాం బిడ్డా. సెలవులు రానియ్యి. టికెట్ దొరుకుడే ఆలస్యం."

అవతారిక. ఇది రెండు పాదాల గ్రంథం. మొదటి పాదం కూతురిది, రెండోది తండ్రిది. ఛందస్సు వెతకనక్కర్లేదు గానీ యతి ఉంది. సంస్కృతంలో యతి అంటే విరామం కదా, ఆ లెక్కన ప్రశ్నకూ జవాబుకూ నడుమ తండ్రి గోడ మీది క్యాలెండర్ వంక చూసినంతసేపూ యతిస్థానమే. కర్తల పేర్లు తెలియవు. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో లాల్‌పేట బొగ్గు గనుల పక్క వాడల్లో ఒక పాఠం వినిపిస్తుంది, ఘుగ్గుస్‌లో ఒకటి, బల్లార్‌పూర్ కాగితం మిల్లు వైపు మరొకటి. "బాపూ" ఉన్నచోట "పప్పా" అనీ, "వండర్‌లా" ఉన్నచోట "ఫిలిం సిటీ" అనీ పాఠాంతరాలున్నాయి. రెండో పాదంలో మాత్రం ఏ వాడలోనూ అక్షరం తేడా లేదు. తండ్రుల పాఠం స్థిరమైనది.

మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ముందున్నవి రఘువంశం, కుమారసంభవం. ఆయనకు ఒట్టు చెల్లింది. ఇక్కడ చెల్లదు. ఈ మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ కనుక, ఈ వ్యాఖ్యాత మొదటి పుటలోనే ఆ ప్రతిజ్ఞ నుంచి సెలవు తీసుకుంటున్నాడు.

ముందుగా ఒక శంక: చంద్రపూర్‌లో "బాపూ" ఏమిటి? సమాధానం భూగోళంలో ఉంది. బల్లార్‌పూర్ దగ్గర వార్ధా నది దాటితే రాజూరా. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఆ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. కింద ప్రాణహిత వెళ్ళి గోదావరిలో కలిసే సిరొంచ, 1982లో గడ్చిరోలి జిల్లా వేరుపడేవరకు చంద్రపూర్ జిల్లాలోదే. అక్కడ ఇప్పటికీ తెలుగు వినకుండా బజారు దాటలేరు. నేల తెలుగుకు ఇంత దగ్గర కాగా, నేల కింది బొగ్గు మిగతా పని చేసింది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి గనులకూ మిల్లుకూ పనికొచ్చినవాళ్ళు ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ మనవరాలు బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. అడగవలసింది ఉన్న రోజున ఆ తెలుగు మరీ తియ్యనవుతుంది. "బాపూ" అనే సంబోధనలోని ఆ దీర్ఘం అప్పటిదే.

కాలనిర్ణయం. అంతరసాక్ష్యాన్ని బట్టి ఈ పాఠం 2016కు పూర్వానిది కాజాలదు. హైదరాబాద్ దక్షిణపు అంచున, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, రావిర్యాలలో వండర్‌లా తెరిచింది ఆ ఏడాది ఏప్రిల్‌లో. అంతకుముందు ప్రతుల్లో ఆ స్థానంలో రామోజీ ఫిలిం సిటీ ఉండేది. అది 1996లో మొదలై, ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిలిం స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఇంకా ప్రాచీన పాఠం ఒకటుంది. 1989లో ముంబయి గోరాయిలో ఎస్సెల్ వరల్డ్ వచ్చింది. దాని ప్రకటన టీవీలో పడినప్పుడల్లా విదర్భ పిల్లలు తమ తమ బాపుల వంక చూశారు. ఇప్పటి తండ్రి అప్పటి కొడుకు. ఆయనకు రెండో పాదం కంఠతా వచ్చింది ఆ రోజుల్లోనే. ముంబయి తన సొంత రాష్ట్రానికి రాజధాని, హైదరాబాద్ పక్క రాష్ట్రానికి. అయినా చంద్రపూర్‌కు హైదరాబాదే దగ్గర. కాబట్టి కూతురి కోరిక తండ్రి కోరికకన్నా సగం దూరంలో ఉంది. ఒక తరంలో ఈ మాత్రం ప్రగతి తక్కువేం కాదు.

"ఈసారన్నా." ఈ చిన్న ముక్క లోపల గడిచిపోయిన సెలవులన్నీ కూర్చుని ఉన్నాయి. ఒక ఏడాది ఇంట్లో పెళ్ళి, ఒక ఏడాది గృహప్రవేశం అప్పు, రెండేళ్ళు లోకమంతా తలుపులు మూసుకున్న కాలం. ఒక చైత్రంలో వీళ్ళు హైదరాబాద్ పోవాలనుకుంటే హైదరాబాద్ చుట్టాలే చంద్రపూర్ వచ్చారు. మహాకాళి జాతర కదా, తెలంగాణ నుంచీ మరాఠ్వాడా నుంచీ జనం దిగే నెల. ఇంటి నిండా అతిథులను పెట్టుకుని విహారయాత్రకు బయలుదేరడం ధర్మశాస్త్ర విరుద్ధం.

అయితే ఈ వాయిదాల్లో ఒక సూక్ష్మం దాగి ఉంది. ఇలాంటి పార్కులో పిల్లలెవరో పెద్దలెవరో వయసు చెప్పదు, ఎత్తు చెబుతుంది. వండర్‌లాలో 140 సెంటీమీటర్లు దాటితే పెద్దల టికెట్టు, భయంకరమైన రైడ్లెక్కే యోగ్యత కూడా దాదాపు అక్కడి నుంచే. రైల్వే వాళ్ళ స్మృతి వేరు: వాళ్ళకు పన్నెండేళ్ళు నిండితే పెద్దవాళ్ళే. అంతకన్నా చిన్న పిల్లలకైనా బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ నుంచి పూర్తి చార్జీ. ఇక ఓటు వేయడానికి పద్దెనిమిది. పదిహేనేళ్ళ ఈ కూతురు రైలుకు పెద్దది, పార్కుకు పెద్దది, ఇంట్లో మాత్రం "చిన్నపిల్లవు, నీకేం తెలుసు". మొదటిసారి అడిగిననాడు వెళ్ళి ఉంటే పిల్లల టికెట్టుకు లోపలికి పోయి, పెద్ద రైడ్ల కింద నిలబడి బాపు పైన తిరగడం చూసేది. ఇప్పుడు ఆమె ఎక్కవచ్చు. ఆయనకు నడుము నొప్పి, బీపీ. ఆ రెండు రోగాలూ రైడ్ల ముందు ఉండే హెచ్చరిక బోర్డుల మీద గుండెజబ్బు పక్కనే ఉంటాయి. పిల్ల ఎత్తు ఆ గీత దాటింది, ఆ తర్వాత తండ్రి ఆరోగ్యం ఈ గీత దాటింది. ఇద్దరూ అర్హులై ఉన్న రెండు మూడు ఏళ్ళు మధ్యలో ఎక్కడో వచ్చి పోయాయి. ఆ సమయంలో ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

"వండర్‌లా." ఈ పార్కుల మూలపురుషుడు కొచ్చి వ్యాపారి కొచౌసెఫ్ చిట్టిలపిల్లి. వీగార్డ్ స్టెబిలైజర్లు ఆయనవే. 2000లో కొచ్చిలో వీగాలాండ్ అనే పేరుతో తొలి పార్కు తెరిచారు. 2005లో బెంగళూరు, ఆ తర్వాత హైదరాబాద్, 2024లో భువనేశ్వర్. కరెంటులో హెచ్చుతగ్గులు రాకుండా కాపాడే యంత్రం అమ్మినవాడే మనుషులను హెచ్చుతగ్గుల్లో పడేసి డబ్బు తీసుకోవడం విరోధాభాసాలంకారం. రెండు వ్యాపారాలూ బాగా నడవడం వల్ల ఆ విరోధం ఆభాసమే అయింది.

కూతురికి ఆ పార్కు మొత్తం ఇప్పటికే కంఠస్థం. ముందుసీట్లో కెమెరా పెట్టి తీసిన వీడియోలు చూసి చూసి, ఏ మలుపు తర్వాత ఏ మలుపో ప్రతిపదార్థంతో సహా చెప్పగలదు. ముఖ్యంగా రీకాయిల్ అనే రోలర్ కోస్టర్. అది మెలికలన్నీ ముందుకు తిరిగి, చివర ఆగి, అవే మెలికలను వెనక్కి తిరుగుతూ బయలుదేరిన చోటికి వస్తుంది. కావ్యజ్ఞులకు ఇది కొత్త కాదు. వేంకటాధ్వరి రాఘవయాదవీయం ముందు నుంచి చదివితే రామకథ, వెనక నుంచి చదివితే కృష్ణకథ. అనులోమ విలోమం. పాఠకులకు కళ్ళు తిరగడం రెండింటికీ సమానం.

ఇక్కడ వ్యాఖ్యాత కాస్త ఆగాలి, ఎందుకంటే తండ్రికి తెలియని ఒక బంధుత్వం ఇందులో ఉంది. ఆయన భూగర్భ గనిలో పని చేస్తాడు. రోలర్ కోస్టర్ పుట్టింది గని కడుపున. అమెరికాలో పెన్సిల్వేనియా కొండల్లో మాక్ చంక్ అనే ఊరు. 1827లో అక్కడ కొండమీది గని నుంచి కిందికి బొగ్గు దించడానికి దాదాపు తొమ్మిది మైళ్ళ పట్టాలు వేశారు. ఇంజను లేదు. బొగ్గు నిండిన బండ్లు వాలు మీద తమంత తాము జారిపోయేవి. ఖాళీ బండ్లను మళ్ళీ పైకి లాగడానికి కంచర గాడిదలు కావాలి కనుక, దిగేటప్పుడు వాటినీ ఒక బండిలో ఎక్కించి దించేవారు. ఆ సుఖం మరిగిన గాడిదలు ఇక కిందికి నడవమంటే కదిలేవి కావని చెబుతారు. గాడిదలకున్న బుద్ధి మనుషులకూ వచ్చింది. డబ్బులిచ్చి ఆ బండ్లలో జారడానికి జనం మొదలుపెట్టారు. 1872లో సొరంగం తవ్వి బొగ్గును వేరే దారిన పంపాక, ఆ పట్టాలు సరదా కోసమే మిగిలి, 1933 దాకా నడిచాయి. దాన్ని చూసే లామార్కస్ థామ్సన్ 1884లో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో వాలు రైలు కట్టాడంటారు. టికెట్టు అయిదు సెంట్లు. గుర్రం నడకకన్నా కాస్త వేగంగా వెళ్ళే ఆ బండికి జనం విరగబడ్డారు.

రీకాయిల్ బండిని పైకి లాక్కెళ్ళి వదిలేస్తారు, జారడమంతా భూమ్యాకర్షణ. గనిలో టబ్బులను పైకి లాగే ఏర్పాటుకు హాలేజ్ అని పేరు. టబ్బు తప్పించుకుని వాలు మీద జారితే దాని ముందు ఎవరూ ఉండకూడదు. అలా జారకుండా చూడడం గని మనిషి ఉద్యోగం. అలా జారడం కోసం టికెట్ కొనాలన్నది కూతురి ప్రార్థన. వీడియో చూపించినప్పుడు తండ్రి ఒకే ఒక్క మాటన్నాడట: "దీనికి బ్రేకు ఏడుంటది?" పిరికితనమని కూతురు అపార్థం చేసుకుంది. అది వృత్తిధర్మం.

"పోతమా", "పోదాం." ఒకే ధాతువు, ఒకే ఊరు, రెండు వేర్వేరు యాత్రలు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ప్రతి పద్యం అటు రామాయణానికీ ఇటు భారతానికీ అన్వయించినట్టు, ఈ వాక్యం అటు తండ్రికీ ఇటు కూతురికీ సరిపోతుంది. తండ్రిపరమైన అర్థం: చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, ఉప్పల్‌లో తోడల్లుడి ఇల్లు, ఎప్పటి నుంచో చూపించుకోవాలనుకుంటున్న నడుము డాక్టరు, సమయం మిగిలితే పార్కు. కూతురిపరమైన అర్థం: పార్కు. గేటు తీసేటప్పటికి అక్కడుండడం, ముందు పొడి రైడ్లు, ఎండ ఎక్కాక నీటి రైడ్లు. నీటి రైడ్లకు నూలు బట్టలు పనికిరావు, నైలాన్ వంటివే వేసుకోవాలి. బాపు దగ్గర అలాంటివేవీ లేవనీ, ఆన్‌లైన్‌లో తెప్పించాలనీ ఆమె నిర్ణయించింది. నైలాన్ నిక్కరుతో తనను నలుగురూ చూస్తారన్న భావన తండ్రి మనసులో ఏ రూపంలో ఉందో మూలం చెప్పదు. వ్యాఖ్యాత మర్యాద కొద్దీ చెప్పడు.

ఒక పూర్వపక్షం: చంద్రపూర్ పిల్లకు వినోదం కొరతా? పక్కనే తాడోబా ఉంది. 1955లో జాతీయ ఉద్యానమైంది, మహారాష్ట్రలో అన్నిటికన్నా పాతది. పులిని చూడడానికి దేశం నలుమూలల నుంచి జనం తెల్లవారుజామున జీపుల్లో కూర్చుంటారు. చంద్రపూర్, బల్లార్‌షా స్టేషన్ల గోడలకు ఆ అడవినే బొమ్మలుగా వేసి, 2018లో రైల్వే వారి సుందరీకరణ పోటీలో మొదటి బహుమతి కొట్టారు. నిజమే. కానీ థర్మల్ విద్యుత్ కేంద్రం ఆవరణలోనే పులి తిరిగిందని వార్త వచ్చే ఊళ్ళో, పులి కోసం డబ్బు పెట్టాలని ఏ పిల్లకూ అనిపించదు. భయపెట్టేది సీటు బెల్టు కట్టి భయపెట్టాలి, నిమిషంన్నరలో కిందికి దించాలి.

"సెలవులు రానియ్యి." ఈ భాగం పైకి సుబోధం, లోపల నారికేళపాకం. హైదరాబాద్‌లో పెద్దమ్మ పిల్లలకు పెద్ద సెలవులు దసరాకు. చంద్రపూర్‌లో దీపావళికి. వాళ్ళు బతుకమ్మ ఆడుతుంటే ఈమెకు పరీక్ష, ఈమెకు సెలవొస్తే వాళ్ళకు బడి. ఎండాకాలం రెండు చోట్లా సెలవే కానీ, విదర్భ ఎండకు భయపడి ఇక్కడి బడులు మిగతా మహారాష్ట్రకన్నా ఆలస్యంగా, జూన్ నెలాఖరుకు తెరుస్తారు. తెలంగాణలో జూన్ 12కే మోగుతుంది గంట. మిగిలింది మే నెల. ఆ నెలలో చంద్రపూర్ 46, 47 డిగ్రీలు చూస్తుంది. అక్కడి నుంచి హైదరాబాద్ పోతే చల్లబడినట్టే ఉంటుందని కూతురి వాదం. కాదనలేం. పైగా 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచిన రోజున ఎండకు కొత్త తారురోడ్డు మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలు చాలా చోట్ల పనిచేయలేదు. అయినా ఆ పార్కు మూతపడలేదు.

తండ్రి సెలవు వేరే శాస్త్రం. బొగ్గు కార్మికుల వేతన ఒప్పందాల్లో నాలుగేళ్ళ బ్లాకుకు ఒకసారి సొంతూరికి, ఒకసారి దేశంలో ఎక్కడికైనా అని రెండు యాత్రలకు ఏర్పాటుంది, ఎల్టీసీ, ఎల్ఎల్టీసీ అంటారు. మూడో తరంలో సొంతూరు అంటే ఏది అన్నది ఒక శంక. ఆ డబ్బు ఎప్పుడు వచ్చిందో, ఏ ఫీజులోకి పోయిందో అన్నది ఇంకో శంక. మొదటిదానికి సమాధానం కాగితాల మీద ఉంది. రెండోదానికి ఇంట్లో ఎవరి దగ్గరా లేదు.

"పక్కా." వ్యాఖ్యానానికి లొంగని మాట ఇదొక్కటే. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు 1,530 మంది పెద్దలను గమనించి చెప్పిన విషయం ఇక్కడ పనికొస్తుంది. విహారయాత్రకు పోబోయేవాళ్ళు పోనివాళ్ళకన్నా ఎక్కువ సంతోషంగా కనిపించింది యాత్రకు ముందే. తిరిగొచ్చాక, చాలా విశ్రాంతిగా గడిచిందన్న కొందరు తప్ప, అందరూ సమానమే. ఈ లెక్కన పక్కా అని చెప్పి ఏళ్ళ తరబడి తీసుకుపోని తండ్రి కూతురికి సంతోషాన్ని వాయిదాల పద్ధతిలో ఇస్తున్న దాత. ఈ వాదం వినిపిస్తే కూతురు ఒప్పుకోదు. ఆ 1,530 మందీ పెద్దవాళ్ళు, పైగా నిజంగానే వెళ్ళొచ్చినవాళ్ళతో పోల్చారు, అంటుంది. తర్కంలో ఆమెదే పైచేయి.

"టికెట్ దొరుకుడే ఆలస్యం." ఈ వాక్యానికి చాలాకాలం ప్రామాణ్యం ఉండేది. ఢిల్లీ నుంచి దక్షిణాదికి పోయే బండ్లు చాలా వరకు బల్లార్‌షా మీదుగా దిగినా, అవి ముందే నిండి వస్తాయి. మధ్య స్టేషన్లో ఎక్కేవాళ్ళకు వెయిటింగ్ లిస్టు, అదృష్టముంటే ఆర్ఏసీ, అంటే ఒక బెర్తు మీద ఇద్దరు కూర్చుని ఒకరి మోకాళ్ళు ఒకరు చూసుకోవడం. ఇంతలో 2024 సెప్టెంబర్ 16న నాగ్‌పూర్, సికింద్రాబాద్ మధ్య వందే భారత్ మొదలైంది. ఉదయం అయిదుకు నాగ్‌పూర్‌లో బయలుదేరి, చంద్రపూర్‌లోనూ బల్లార్‌షాలోనూ ఆగి, మధ్యాహ్నం 12:15కు సికింద్రాబాద్ చేరేలా వేశారు. ఇరవై పెట్టెలతో మొదలుపెట్టిన ఆ బండిలో జనం సరిపోక, 2025 ఫిబ్రవరిలో ఎనిమిది పెట్టెలకు కుదించారు. అంటే టికెట్ దొరకదన్న కాలంలోనే ఇంటి ముందు నుంచి ఖాళీ సీట్లు గంటకు నూట ముప్ఫై కిలోమీటర్ల దాకా వేగంతో పోతూ ఉన్నాయి. ఈ సాక్ష్యం ముందు మూలవాక్యం నిలవదు.

సిద్ధాంతి తప్పించుకునే దారి ఒకటే: ఖాళీగా పోయేది ఖరీదైన సీటు, దొరకనిది స్లీపరు. నలుగురికి రానూపోనూ లెక్క వేసి తండ్రి స్లీపరు పక్షాన నిలిచాడు. దానికి కూతురు సిద్ధంగా ఉంది. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. అరవయ్యో రోజున పొద్దున ఎనిమిదింటికి కూర్చోవాలి. అది తప్పితే ముందురోజు పదకొండుకు స్లీపరు తత్కాల్. 2025 జూలై నుంచి తత్కాల్‌కు ఆధార్ ఓటీపీ కావాలి. ఆధార్‌కు జోడించి ఉన్నది బాపు నంబరు. పదకొండు గంటలకు బాపు ఫస్ట్ షిఫ్టులో, సెల్‌ఫోన్ పట్టుకుపోరాని గని లోపల ఉంటాడు.

కాబట్టి ఆ రోజు ఫోన్ ఇంట్లో వదిలిపోవాలి, అంటే తల్లి చేతిలో. ఇంతవరకు మూలంలో ఎక్కడా కనిపించని ఆమె టిప్పణి ఇక్కడ మొదలవుతుంది. హైదరాబాద్ దాకా పోయి అక్క ఇంట్లో రెండు రాత్రులు ఉండకపోతే ఆమె ఏమనుకుంటుందన్నది తల్లి పక్షం. కూతురు ఒక రాత్రికి బేరం పెట్టింది: శనివారం పోయి, ఆదివారం పార్కు చూసి, సోమవారం తిరుగు ప్రయాణం. మంగళవారం వందే భారత్ నడవదనీ, ఎలాగూ అక్కడే ఉండిపోవచ్చనీ తల్లి ఎక్కడో విని వచ్చింది. మనం పోయేది ఆ బండిలో కాదని కూతురు అరిచింది. తల్లి కట్టే సకినాలను పార్కు లోపలికి రానివ్వరని కూడా చెప్పింది, ఆ మాట వేళ కాని వేళ.

"ముందుగాల రెండు రాత్రులకు సరే అను," అంది తల్లి, "అంకెలు తర్వాత చదువుత."